నాలుక మీద ఉప్పు

శ్రీకాకుళం కంటి ఆస్పత్రి నుంచి లక్ష్మణమ్మ రెండోసారి కూడా ఆపరేషన్ లేకుండానే వెనక్కి వచ్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ముందు కుడి కన్ను చేస్తామన్నారు గానీ, బీపీ నూట తొంభై దగ్గర నిలబడిపోయింది. మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదంటే తిండిలో ఉప్పు ఎక్కడి నుంచో వస్తోందని డాక్టరమ్మ అన్నది. ఆరు వారాల్లో తగ్గించుకుని రమ్మంది. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనంది.

ఆ మాట లక్ష్మణమ్మ కంటే కోడలు అరుణశ్రీకే ఎక్కువ తగిలింది. మొదటిసారి వెనక్కి పంపిన రోజే ఆమె ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక వంటల పుస్తకం కొన్నది. ఉప్పు తగ్గించినా రుచి తగ్గకుండా రోజూ వండుకునే కూరల పుస్తకం అది. నెల రోజులుగా ఇంట్లో పొయ్యి దాని ప్రకారమే వెలుగుతోంది.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది అది. అరుణశ్రీ భర్త ఈశ్వర్ గుజరాత్‌లో వీరావల్ చేపల బోట్ల మీద పనికి వెళ్ళాడు. కళింగపట్నం తీరంలోని ఆ ఇంట్లో అత్తాకోడళ్ళే ఉన్నారు. అరుణశ్రీ కొత్తవలసలో పెరిగి డిగ్రీ చదివిన పిల్ల. ఏ పనైనా పట్టుకుంటే లెక్కగా చేస్తుంది. పుస్తకంలో అర చెంచా అంటే అర చెంచాయే, అంచు మీద వేలితో గీసి మరీ వేసేది. ఓట్స్ అన్నచోట మాత్రం ఇంట్లో ఉన్న చోళ్ళు, అంటే రాగులు, వేసింది. బీరకాయలో వేయించిన నువ్వుల పొడి, చేపల పులుసులో పచ్చిమామిడి, ఆనపకాయకు వెల్లుల్లి, మిరియం. ఉప్పును ఉడికేటప్పుడు వెయ్యకుండా దించాక పైన చల్లితే కొంచెమే చాలునని పుస్తకం చెప్పింది. చేసి చూస్తే నిజమే. అత్తకొక కూర, తనకొక కూర అని పెట్టుకోకుండా తనూ అదే తినేది.

అత్త ఎన్నడూ వంక పెట్టలేదు. ఒకరోజు మాత్రం, "సప్పగా లేదే, బాగానే ఉన్నాది," అంది. ఆ ఒక్క మాట అరుణశ్రీకి వారం రోజులు సరిపోయింది.

మరి ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది? ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక అరుణశ్రీ ఆవకాయ జాడీ తెరిచి, ఊరగాయ ఎంతవరకుందో లోపల బొగ్గుతో గీత పెట్టింది. మూడు రోజులు చూసింది. ఊరగాయ గీత కిందికి దిగలేదు. అయినా మనసు ఊరుకోక అడిగేసింది.

"అత్తా, నేను లేనప్పుడు ఏటైనా తింటన్నావా?"

లక్ష్మణమ్మ కంచంలో చెయ్యి ఆగిపోయింది. "దొంగతిండి తినీదానిలాగ కనిపించినానేటే నీకు?"

ఆ పూట ఆమె కూర ముట్టలేదు. అన్నంలో నీళ్ళు పోసుకుని తాగి లేచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అరుణశ్రీ తనే క్యారేజీ పట్టుకుని చేపలు ఎండబెట్టే ఇసుకమేట దగ్గరకు వెళ్ళింది. రోజూ అయితే అత్తతో కలిసి ఎండుచేపల వ్యాపారం చేసే నీలవేణి వచ్చి పట్టుకెళ్తుంది. నీలవేణి దూరం నుంచే అందుకుంది. "ఏటమ్మా కోడలా, పుస్తకం కూర తెచ్చినావా? ఉప్పు ఏ పేజీలో ఉన్నాదో అది కూడా సించి తేవలసింది."

అరుణశ్రీ నవ్వలేదు. అత్తనే చూస్తోంది. లక్ష్మణమ్మ ముందు ఉప్పుపెట్టిన కానాగంత చేపల గంపలు ఉన్నాయి. ఒక్కో గంపలోంచి ఒక చేప తీసి, మొప్ప పక్కన గోటితో చిన్న పొర లేపి, నాలుక మీద పెట్టుకుని చప్పరించి మింగుతోంది. "దీనికి ఉప్పు పట్టలేదు." "ఇది ఎండకి ఎత్తీవచ్చు." మళ్ళీ ఇంకో గంప. కూర్చున్న కాసేపట్లో అరుణశ్రీ పద్నాలుగు లెక్కపెట్టింది.

"మింగెస్తన్నావేటి అత్తా?"

"గంగమ్మ ఇచ్చిందాన్ని ఈ ఇసకలో ఉమ్ముతారేటే?"

"మరి అది తినడం కాదా?"

"తిండేటే అది? అది పని."

పొద్దున్న లేచింది మొదలు ఏమేం తింటావో చెప్పమని అరుణశ్రీ ఇదివరకే అత్తను కూర్చోబెట్టి కాగితం మీద రాసుకుంది. ఇది అందులో లేదు. దాచిపెట్టినందుకు కాదు, అది తిండిలోకి వస్తుందని ఆ మనిషికి తోచకపోవడం వల్ల. పూర్వం చేప మీద ఉప్పు తెల్లగా పొంగిందో లేదో కళ్ళతో చూసి చెప్పేసేదట. చూపు మసకబారి అన్నీ తెల్లగానే కనబడుతున్నప్పటి నుంచి ఆ పని నాలుక మీదకు వచ్చింది. చూపు తగ్గిన కొద్దీ రుచి చూడటం పెరిగింది. ఆ ఉప్పే బీపీని పట్టి ఉంచి, ఆపరేషన్ కానివ్వడం లేదు.

ఇక మీదట నేను రుచి చూస్తానని అరుణశ్రీ అంటే లక్ష్మణమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "నరసన్నపేట షావుకార్లు నా మాట మీద సరుకెత్తుతారు. నువ్వు తప్పు సెప్తే పోయీది నా పేరు," అంది. కానీ తెల్లారి మేటకు బయలుదేరుతూ, "రా," అని పిలిచింది.

మొదటి వారంలోనే తప్పు జరిగింది. ఇన్నాళ్ళ పుస్తకం వంటతో అరుణశ్రీ నాలుక ఎంత లేతగా అయిందంటే, ఏ చేప పెట్టుకున్నా ఉప్పు సరిపోయినట్టే ఉంది. సరిపోయిందంది. మూడో నాటికి రెండు గంపల చేప పొట్ట దగ్గర మెత్తబడి వాసన వేసింది. లక్ష్మణమ్మ తనే తడుముకుంటూ గొయ్యి తీసి వాటిని కప్పెట్టింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని అరుణశ్రీకి అనిపించింది.

మళ్ళీ అత్తే నాలుక మీద పెట్టుకుంటుందేమోనని అరుణశ్రీ భయంభయంగా చూస్తూంటే, లక్ష్మణమ్మ జరిగి వచ్చి కోడలి దవడ మీద అరచెయ్యి ఆనించింది. "నీకు బాగున్నాదంటే ఇంకో పిడికెడు వెయ్యాల. నీ మొహం ముడుసుకుంటే అప్పుడు సరిపోయినట్టు. నోటితో సెప్పకు. నాకు సేతికి తెలుస్తాది."

ఆ తర్వాత అలాగే సాగింది. కోడలు రుచి చూసేది, అత్త దవడ మీద చెయ్యి వేసి తీర్పు చెప్పేది. సరుకు పాడవలేదు. ఇసుకలో ఉమ్మకూడదన్న నియమం అరుణశ్రీ కూడా తప్పలేదు, తనూ మింగేసేది. అందుకని తన కంచంలో కూర మీద చల్లుకునే ఆ చిటికెడు ఉప్పు కూడా మానేసింది.

ఆరో వారం ఆస్పత్రిలో నర్సు బీపీ రెండుసార్లు చూసింది. నూట నలభై ఎనిమిది. కుడి కనుబొమ మీద గుర్తు పెట్టి లక్ష్మణమ్మను లోపలికి తీసుకెళ్ళారు. చూపు వస్తుందో రాదో కట్టు విప్పేవరకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు కట్టు విప్పాక లక్ష్మణమ్మ కన్ను చికిలించి మళ్ళీ మూసుకుంది. ఏం చెయ్యాలో తెలియక అరుణశ్రీ క్యారేజీ విప్పి అన్నం పెట్టింది. పుస్తకంలో చెప్పినట్టు పెసరపప్పు వేసి వండిన తోటకూర.

లక్ష్మణమ్మ కంచం మీదకు వంగింది. ఒక మెతుకు పక్కకు నెట్టి చూసింది.

"ఇంత పచ్చగా ఉన్నాదేటే కూర," అంది మెల్లగా. రెండున్నర నెలలుగా తింటున్న వంటను ఆమె కంటితో చూడటం అదే మొదలు.

తర్వాత తింటూ, ఎడమ కంటికి ఎప్పుడు రమ్మన్నారని అడిగింది. రెండు నెలలకని అరుణశ్రీ చెప్పింది.

"అందాకా ఇలాగే వండు," అంది లక్ష్మణమ్మ.