ఎనభై ఏడు గ్రాముల రేకు

మా మావయ్య పళ్ళు తోముకునే బ్రష్షుకి పిడి ఉండదు. తొమ్మిది గ్రాములు కలిసొస్తాయని హాక్సా బ్లేడుతో కోసేశాడు. కొండలెక్కినప్పుడల్లా రెండు వేళ్ళు నోట్లోకి పోనిచ్చి, పంట్లో ఇరుక్కున్నదేదో వెతుక్కుంటున్నట్టు తోముకుంటాడు. చొక్కా కాలర్ల వెనక ఉండే సైజు ముక్కలు కత్తిరించేశాడు. మ్యాపు చుట్టూ ఉన్న తెల్ల అంచు కూడా కత్తిరించేశాడు. మనిషి ఒంట్లో మాత్రం ఎనిమిది కిలోలు ఎక్కువే ఉన్నాయి గానీ ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరు. తన చేత్తో ఒక్క గ్రాము తప్పు రాసి ఎరగడు. తన తమ్ముడు వీధి మలుపు తిరిగితే చాలు, దుకాణాల్లో తక్కెళ్ళు వాటంతట అవే సర్దుకునేవని మా అమ్మ చెబుతుంది. అందులో సగం తీసేసినా చాలానే మిగులుతుంది. రిటైరయ్యాక తూచడానికి దుకాణాలు లేక, మా సంచులు తూచడం మొదలుపెట్టాడు.

మా నడక బృందం పెద్దదేం కాదు. మావయ్య, నడకల వివరాలు పుస్తకంలో రాసే పళ్ళ డాక్టరమ్మ, బేకరీ ఆయన. ఈ ముగ్గురూ ఖాయం. వచ్చే నెలలో తొమ్మిది రోజులు కొండల మీద నడక ఉంది. గుడారాలు రెండు, మనుషులు నలుగురు. ఆ నాలుగో చోటు నాకు కావాలి. నిరుడు కూడా అడిగాను. నా సంచి పదకొండు కిలోలు తూగింది. "ఇది నడకా, ఇల్లు మారుతున్నావా?" అని నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చు ప్లేట్లు తయారుచేస్తాను. ఎనిమిదేళ్ళుగా కిటికీ లేని గదిలో, పసుపు లైటు కింద. బయట ఎండో వానో ఎవరైనా తలుపు తీసి చెబితేనే నాకు తెలిసేది. తొమ్మిది రోజులు నెత్తి మీద ఆకాశం తప్ప ఇంకేం లేకుండా బతకాలని నాకు ఎంత ఆశగా ఉందంటే, ఈసారి సంచిలోంచి దువ్వెన కూడా తీసేశాను. వేళ్ళతో దువ్వుకోవచ్చు.

ఈసారి మావయ్య నాకో పరీక్ష పెట్టాడు. ఆదివారం ఒక్క రోజు నడక. శిఖరం పక్కనున్న గట్టు మీద, చిన్న స్టవ్వుతో, నలుగురికీ నేను టీ పెట్టాలి. వెలిగించిన దగ్గర్నుంచి పదిహేను నిమిషాలు. అయిందా, నా పేరు రాస్తారు. కాలేదా, ఆ చోటు డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సుది.

మన అరచేతిలో పట్టే స్టవ్వు అది. గ్యాస్ డబ్బా మూతి మీద బిగించి పైన గిన్నె పెట్టుకోవడమే. గాలి లేకపోతే ఐదు నిమిషాల్లో లీటరు నీళ్ళు మరుగుతాయి. గాలి ఉంటే మంట పక్కకి పడుకుంటుంది, గిన్నెకి తప్ప కొండకంతటికీ వేడి అందుతుంది. అందుకని ప్రెస్సులో పని అయిపోయిన అల్యూమినియం ప్లేటొకటి తెచ్చి, జానెడు వెడల్పున కత్తిరించి, మూడు మడతలయ్యేలా వంచి అడ్డురేకు చేశాను. ఎనభై ఏడు గ్రాములు. పట్టుకెళ్ళి మావయ్యకి చూపించాను.

"నీ సంచి ఎంత?" అన్నాడు.

"నాలుగు కిలోల తొమ్మిది వందల తొంభై."

"హద్దు ఐదు. పది గ్రాములే ఉన్నాయి. ఎనభై ఏడు ఎక్కడ పెడతావ్?"

"మావయ్యా, గాలి వీస్తే..."

"రాయి అడ్డం పెట్టుకో. కొండ మీద రాళ్ళకి కరువా?"

రాళ్ళకి కరువే. ఆ గట్టు మీద ఉన్నదంతా గడ్డి. ఆ ముక్క చెబితే వినే మనిషైతే బ్రష్షుకి పిడి ఉండేది. రేకు చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య అంతా వింటూనే ఉంది.

"ఇలా ఇవ్వు. ఆయన సంచిలో పెడతాను" అంది.

"మావయ్య సంచిలోనా? తూచి పట్టుకోడూ?"

"తూస్తాడు. తూకం తేడా వస్తేగా!"

అప్పుడు బయటపడింది అసలు గుట్టు. మా బృందానికో నియమం ఉంది. తిండి అంతా ఒకే సంచిలో, అందరికీ సమానం. ఎవరూ విడిగా తెచ్చుకోకూడదు. ఆ నియమం రాసింది మావయ్యే. ఆ మావయ్య ప్రతి నడకకీ తొంభై గ్రాముల వేయించిన జీడిపప్పు మేజోళ్ళ మధ్యలో దాచి పట్టుకెళుతున్నాడట. దుప్పటి లెక్కలో కలిపి తూస్తున్నాడట!

"ముప్పై ఏళ్ళు ఊరందరి తూకం పట్టుకున్నాడు. ఈయన తూకం నేను పట్టుకోవద్దూ?" అంది అత్తయ్య.

పప్పు పొట్లం బయటికి తీసింది. మావయ్య తక్కెడ మీదే తూచింది. రేకు ఎనభై ఏడు కాబట్టి పొట్లంలో మూడు గ్రాములు ఉండనిచ్చింది. అంటే రెండు పలుకులు, ఇంకో అర పలుకు. పొట్లం మళ్ళీ మేజోళ్ళలోకి వెళ్ళింది. మావయ్య సంచికి వీపు వైపున మడతపెట్టిన చాప ఉంటుంది, రేకు ఆ మడతలోకి వెళ్ళింది. తీసేసిన పప్పు మా ఇద్దరి కడుపుల్లోకి వెళ్ళింది. పాపం అనిపించింది గానీ, పప్పు చాలా బాగుంది.

ఆదివారం పొద్దున్నే వరండాలో తూకాలయ్యాయి. ముందు తన సంచే కొక్కేనికి తగిలించుకున్నాడు. గ్రాము తేడా లేదు. "చూశారా!" అన్నట్టు మా వైపు చూశాడు. తూకం అయిన ప్రతి సంచి జిప్పు మీదా కాగితపు ముక్క అంటించి, దాని మీద సంతకం పెట్టాడు. దారిలో ఎవరూ ఏదీ తీసి పారేయకుండా, కొత్తది చేర్చకుండా ఈ సీలు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తగా వెళ్ళి రండి" అంది. ఆ మొహం చూసి నవ్వాపుకోలేక నేను వంగి, కట్టే ఉన్న బూట్ల తాళ్ళు మళ్ళీ కట్టుకున్నాను.

రెండు గంటలు ఎక్కాక అందరం కూర్చున్నాం. మావయ్య మాత్రం, "కాలికి మేజోడు ఒరుసుకుంటోంది" అంటూ సంచి పట్టుకుని పొద చాటుకి వెళ్ళాడు. తన సీలు తానే విప్పుకున్నాడు. మళ్ళీ అంటించడానికి జేబులో ఇంకో కాగితం ముక్క ఎప్పుడూ ఉంటుంది లెండి. చాలాసేపు అలికిడి లేదు. తర్వాత మెల్లగా బయటికొచ్చి, నా వైపు చూశాడు, బేకరీ ఆయన వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఏమీ అనకుండా సంచి తగిలించుకున్నాడు.

"మేజోడు సర్దుకున్నారా?" అని అడిగాను.

"నడువు" అన్నాడు.

గట్టు మీదకి చేరేసరికి గాలి మమ్మల్ని తోసేస్తోంది. బేకరీ ఆయన టోపీ ఎగిరి లోయలోకి పోయింది. గడ్డి లేని మట్టి జాగా వెతికి స్టవ్వు పెట్టాను. మావయ్య స్టాప్‌వాచ్ నొక్కాడు. మంట అడ్డంగా పడుకుంది. గాలికి వీపు పెట్టి కూర్చున్నాను, నాలుగు నిమిషాలు గడిచాయి. డాక్టరమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది, ఎనిమిది గడిచాయి. గిన్నెలో వేలు పెట్టి చూశాను. పసిపిల్లకి స్నానం చేయించేంత వేడి కూడా లేదు. సరదా అంతా పోయింది. ఇంకో ఏడాది పసుపు లైటు కిందే.

"మావయ్యా, మీ సంచి తెరవండి. చాప మడతలో చూడండి" అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. నేను పప్పు సంగతి నలుగురిలో పెడుతున్నాననుకున్నాడు. "నా సంచి నువ్వు ముట్టుకోకు" అంటూ తానే తెరిచాడు. చాప విప్పాడు. రేకు జారి గడ్డి మీద పడింది. పాత ప్లేటు కదా, దాని మీద నీలంగా 'ఏ జత చెప్పులైనా సగం ధరకే' అని అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.

"ఏమిటండీ ఇది?" అంది డాక్టరమ్మ.

మావయ్య రేకు చూశాడు, నన్ను చూశాడు. క్షణంలో తేరుకున్నాడు.

"ముందుచూపు" అన్నాడు. "నాయకుడన్నవాడు అన్నీ ఆలోచించుకోవాలి. గాలుంటుందని నాకు ముందే తెలుసు. పాత రేకు, పారేయడం దేనికని తెచ్చాను."

"మీ బరువులోనే సర్దారా? అబ్బో!" అన్నాడు బేకరీ ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాదనడానికి లేదు. ఆయన సంచిలోంచే వచ్చింది, సంచి సీలు మీద ఆయన సంతకమే ఉంది. నేను తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను. డాక్టరమ్మ మాత్రం చెప్పుల అక్షరాలు చదివి, నా ఉద్యోగం గుర్తొచ్చినట్టు నా వైపు ఓరగా చూసింది.

మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని రేకుని స్టవ్వు చుట్టూ తిప్పాడు. రెండు అంచులూ ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా మూసేశాడు.

"అలా కాదు మావయ్యా. గాలి వచ్చే వైపే అడ్డం పెట్టాలి. అవతలి వైపు తెరిచి ఉంచాలి" అన్నాను.

"గాలికి దిక్కేమిటి? నాలుగు వైపులా కొడుతోంది" అన్నాడు. "తెచ్చినవాడికి తెలీదా?"

మంట లేచి నిలబడింది. గుర్రుమంటోంది. రెండు నిమిషాల్లో గిన్నె అడుగున బుడగలు మొదలయ్యాయి. మావయ్య కళ్ళజోడు సరిచేసుకుని, ఆనందం పట్టలేక, గిన్నె మీదకి వంగి బుడగలు చూస్తున్నాడు. "పన్నెండున్నర! అయిపోతుంది!" అన్నాడు. నాక్కూడా ఆశ పుట్టింది. ఇంకో రెండు నిమిషాలు ఆగితే చాలు.

ఎందుకో రేకు సందులోంచి చెయ్యి పెట్టి గ్యాస్ డబ్బా ముట్టుకున్నాను. చల్లగా ఉండాల్సిన డబ్బా మీద చెయ్యి ఆనలేదు. రేకు లోపలి వేడి గిన్నెకి ఎంత వెళ్తోందో డబ్బాకీ అంతే వెళ్తోంది.

మర తిప్పి స్టవ్వు ఆర్పేశాను. మావయ్యని భుజం పట్టి వెనక్కి లాగాను. ఆయన గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు.

"పిచ్చా నీకు? పదమూడు నిమిషాలకి ఆపుతావా?" అని అరిచాడు.

"డబ్బా కాలిపోతోంది. పేలిపోతుంది, దూరంగా జరగండి."

రేకు తీసి పక్కన పెట్టాను. అంతసేపూ మమ్మల్ని ఏడిపించిన గాలే ఆ డబ్బాని చల్లార్చింది. చెయ్యి ఆనించి చూసుకుని, రేకు గాలి వైపు అర్ధచంద్రాకారంగా నిలబెట్టి, ఇవతలి వైపు తెరిచి ఉంచి, మళ్ళీ వెలిగించాను. స్టాప్‌వాచ్ ఆగలేదు. ఎవరూ ఆపమనలేదు. నీళ్ళు మరిగాయి, టీ అయింది, మావయ్య వాచ్ నొక్కి ఆపాడు. అందరికీ పోశాను. టీ అయితే బాగుంది గానీ నాకు రుచి తెలియలేదు.

మావయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పాడు.

"నువ్వు ఆపకపోతే టైముకి అయిపోయేది" అన్నాడు మెల్లగా.

"అయ్యేది."

"నీ పేరు రాసేసేవాళ్ళు."

"రాసేవాళ్ళు."

"మరెందుకు ఆపావే?"

"మీ మొహం దాని మీదే ఉంది మావయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. డాక్టరమ్మ పుస్తకం తెరిచి, "మరి రాసేద్దామా? టీకి ఎంత పట్టిందండీ?" అంది. ఆవిడ గొంతులోనూ ఉత్సాహం లేదు.

మావయ్య లేచి నిలబడ్డాడు.

"ముందు ఇది రాయండి. ఆ రేకు నాది కాదు. ఈ పిల్లది. నేను ఊరికే మోసుకొచ్చాను. పొయ్యి దగ్గర దీని మాటే మాట, నాది కాదు."

"సరే" అంది డాక్టరమ్మ రాసుకుంటూ. "టైము?"

మావయ్య అరచేతిలో స్టాప్‌వాచ్ ఉంది. పక్కనే కూర్చున్న నాకు అంకెలు కనబడుతూనే ఉన్నాయి. పంతొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లు" అన్నాడు.

బేకరీ ఆయన గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. డాక్టరమ్మ తన చేతి గడియారం వైపు చూసింది. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని దాన్ని కప్పేసి, కలం తీసింది.

"యాభయ్యేనా?" అంది.

"యాభయ్యే" అన్నాడు మావయ్య, చెవులదాకా ఎర్రబడి. "నా కొలత మీద అనుమానమా?"