మసికి కోసిన దారి

వంటింటి కిటికీకి ఇనుప జాలీ బిగించిన రోజు నుంచి మసికి ఇంట్లోకి దారి లేకుండా పోయింది.

మసి లీలావతి పిల్లి. ఒళ్లంతా నలుపు, గడ్డం కింద మాత్రం గోరంత తెలుపు. ఏడాదిన్నర కిందట ఆళ్లగడ్డ బస్సు డిపోలో పాత టైర్ల గుట్ట మధ్య అరుస్తుంటే, లీలావతి టిఫిన్ డబ్బా మూతలో పెరుగన్నం కలిపి పెట్టింది. మూడు రోజులు అలాగే పెట్టి, నాలుగో రోజు చేతిసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆమె ఆళ్లగడ్డ–నంద్యాల బస్సులో కండక్టరు. వయసు నలభై ఆరు. భర్త అదే డిపోలో డ్రైవరుగా ఉండగా గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు లేరు. అత్తవారిది కోయిలకుంట్ల పక్క పల్లె. వాళ్లతో గొడవలేమీ పడలేదు. మొదటి ఏడాది వాళ్లు పిలిచినప్పుడు డ్యూటీ ఉందని ఆమె వెళ్లలేదు, రెండో ఏడాది వాళ్లు పిలవలేదు. అంతే.

పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం దాకా మనుషులే. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే చోటు లేదు. "యాడికి?" "ముందుకు జరగండప్పా." "ఆధార్ కార్డు సూపియ్యమ్మా." ఈ మూడు మాటలే రోజుకు కొన్ని వందలసార్లు అంటుంది. ఇంటికొచ్చి తాళం తీసిన తర్వాత అనడానికి మాట ఉండదు. తలుపు వెనక మసి అరుస్తూ నిలబడి ఉంటే మాత్రం, "వొచ్చినా లేరా, వొచ్చినా" అనేది. ఒక్కోరోజు ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే.

ఇదివరకు మసి కిటికీ గుండా వస్తూ పోతూ ఉండేది. కోతులు వస్తున్నాయని పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు గోవిందమ్మ కిటికీలన్నిటికీ జాలీలు పెట్టించింది. అప్పటి నుంచి ఇబ్బంది మొదలైంది. లోపల పెట్టి తాళం వేస్తే పగలంతా అరుస్తోందని గోవిందమ్మ సణిగింది. బయట వదిలి వెళ్తే సందులో కుక్కలు తరిమాయి. ఒకరోజు లీలావతి వచ్చేసరికి మసి వెనక గుమ్మం ముందు తొడ చీరుకుపోయి పడి ఉంది.

వెనక తలుపు ప్లాస్టిక్‌ది. బూడిదరంగు, ఎండకు కొంచెం వెలిసింది. దానికి అడుగున పిల్లి పట్టేంత చిన్న తలుపు పెడితే? ఫోనులో ఎవరో దూరదేశపు వాళ్ల ఇంట్లో అలాంటిది చూసింది. ఆళ్లగడ్డ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే అక్కడున్న నలుగురూ నవ్వారు. ఇంకోరోజు నంద్యాలలో బస్సు తిరిగి బయలుదేరడానికి ఇరవై నిమిషాలుంటే, బస్టాండు ఎదురుగా ప్లాస్టిక్ తలుపులు నిలబెట్టిన దుకాణానికి వెళ్లింది. తలుపులు బిగించే సామ్యేలు అక్కడే స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై దగ్గరి మనిషి, చెవి వెనక పెన్సిలు. ఆయన నవ్వలేదు.

"పిల్లి ఎంత లావుంటాదమ్మా?"

లీలావతి రెండు చేతులతో చూపించింది.

"బక్కదే. పెట్టొచ్చు. తలుపు లోపలంతా డొల్ల. కోసినాక అంచులకు చెక్క పట్టీలు దూర్చి మరలు బిగియ్యల్ల. లేకుంటే నిలబడదు. బుధవారం వొస్తా."

గోవిందమ్మను ఒప్పించడం అంత తేలిక కాలేదు. "తలుపుకు బొక్కేందీ, లీలావతీ! పాములొస్తాయి, పందికొక్కులొస్తాయి" అంది మెట్ల మీదనే నిలబడి.

"మూత ఉంటాది పెద్దమ్మా. గడియ గూడా ఉంటాది. ఖాళీ చేసే పొద్దు కొత్త తలుపు పెట్టించి పోతా."

"పిల్లి కోసరం ఇంత సేస్తారా ఎవురైనా?"

గోవిందమ్మ లీలావతి ముఖం చూసి, "సరేపో" అని పైకి వెళ్లిపోయింది.

బుధవారం లీలావతి సెలవు పెట్టింది. పొద్దున్నే లేచి ఇల్లు కడిగింది. జొన్నరొట్టెలు చేసింది, గుత్తివంకాయ వండింది. ఇద్దరికని వండడం ఎన్నాళ్ల తర్వాతో. ఉప్పు ఎంత వేయాలో తోచక రెండుసార్లు రుచి చూసింది.

సామ్యేలు పదింటికి వచ్చాడు. ముందు పిల్లిని కొలవాలన్నాడు. లీలావతి మసిని పట్టుకుని నిలబెట్టబోతే అది నీళ్లలా జారిపోయింది. కొలత టేపు తీసేసరికి దాని కొస పట్టుకుని ఆడడం మొదలుపెట్టింది. చివరికి ఒక పళ్లెంలో పాలు పోసి, అది తాగుతుండగా సామ్యేలు నేల మీద బోర్లా పడుకుని పొట్ట ఎత్తు కొలిచాడు.

"బెత్తెడు పైన మొదలుపెట్టల్ల. అంతకు కింద పెడితే వానొస్తే నీళ్లొస్తాయి. పైన పెడితే ఎగరల్ల. పిల్లి ఎగిరి దూకేదానికి ఇష్టపడదమ్మా, నడిసి పోయేట్టుండల్ల."

తలుపును బందుల నుంచి విప్పి పెరట్లో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాడు. పెన్సిలుతో గీసి, నాలుగు మూలలా రంధ్రాలు వేసి, చేతి రంపం మిషనుతో కోశాడు. తెల్లటి పొట్టు ఇద్దరి మీదా పడింది. కోసిన ముక్క ఊడిరాగానే తలుపు లోపలి గదులు తేనెపట్టులా బయటపడ్డాయి. ఒక గదిలోంచి చీమల బారు దిగింది. చెక్క పట్టీలు ఒక్కొక్కటీ దూర్చి, చుట్టూ అల్యూమినియం చట్రం బిగించాడు. మూతకు గాజులా కనిపించే మందపాటి ప్లాస్టిక్ రెక్క తెచ్చాడు. గాలికి కొట్టుకోకుండా దాని అంచుకు పాత ఫ్రిజ్ రబ్బరులోంచి తీసిన అయస్కాంతపు పట్టీ అంటించాడు.

పని నడుస్తుండగా ఆయన ఫోను మూడుసార్లు మోగింది. రెండుసార్లు భార్య, ఒకసారి మనవరాలు. "ఆళ్లగడ్డలో ఉండానే. పిల్లికి తలుపు పెడతాండా. అబద్ధం కాదే, నిజ్జంగా పిల్లికే" అని నవ్వాడు.

మధ్యాహ్నం లీలావతి రెండు పళ్లేలు పెట్టింది. సామ్యేలు సంచిలోంచి తన డబ్బా తీశాడు.

"మా ఇంటామె కట్టిచ్చిందమ్మా. తినకుండా తిరిగి తీసుకపోతే ఊరుకోదు."

"రొట్టె ఒకటన్నా తిను అన్నా."

"కూర ఎయ్యి" అని డబ్బా మూత చాపాడు. గుమ్మం మీదే కూర్చుని తిన్నాడు. కూర బాగుందని రెండుసార్లు అన్నాడు. మూడు గంటలకు తలుపు మళ్లీ ఎక్కించి, రెక్కను వేలితో అటూ ఇటూ ఆడించి చూపించి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు. లీలావతి పొట్టు ఊడ్చింది. మిగిలిన రొట్టెలు మూడు పూటలు తిన్నది.

మసి ఆ తలుపు వైపు చూడనైనా చూడలేదు. లీలావతి పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, రెక్క ఎత్తి, ఎండుచేప ముక్క చూపించి పిలిచింది. అది ముక్కు వరకూ పెట్టి వెనక్కి పోయింది. నాలుగు రోజులు డ్యూటీ నుంచి రాగానే ఇదే పని. ఐదో రోజు సామ్యేలే ఫోను చేశాడు.

"పిల్లి పోతాందామ్మా?"

"పోవట్లే అన్నా. రెక్క తగిలితే భయపడతాంది."

"దారంతో రెక్కను పైకెత్తి కట్టు. రోజూ వేలెడు కిందికి దించు. దానంతటదే నేర్సుకుంటాది."

ఆ ఫోను ఒక నిమిషం కూడా సాగలేదు. పెట్టేశాక లీలావతి కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పని మాట కాకుండా ఆమెకు ఫోను వచ్చి చాలా నెలలైంది. ఇదీ పని మాటేనని వెంటనే గుర్తొచ్చింది.

ఆయన చెప్పినట్టే చేసింది. తొమ్మిదో రోజు పూర్తిగా దించిన రెక్కను మసి తలతో నెట్టుకుని బయటికి నడిచింది. తోక కొస దాటగానే రెక్క టక్కున మూసుకుంది. లీలావతి ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టింది.

తర్వాతి సోమవారం ఇంటికొచ్చి తాళం తీస్తే లోపల ఏ అరుపూ లేదు. "వొచ్చినా లేరా" అనబోయి ఆగింది. మసి చీకటి పడ్డాక వచ్చింది, తిని పోయింది. మంగళవారమూ అంతే. రానురాను తిండికి తప్ప ఇంట్లో కనిపించడం మానేసింది. ఒక్కోసారి పెట్టింది తినకుండా వాసన చూసి వెళ్లిపోయేది. ఎక్కడో కడుపు నిండుతోందని లీలావతికి అర్థమైంది. తాను అడిగి, బతిమాలి, సెలవు పెట్టుకుని చేయించిన తలుపే పిల్లిని తీసుకుపోయింది.

ఒక గురువారం పొద్దున మసి ఇంట్లో ఉండగా ఆమె రెక్క గడియ వేసింది. వేసేటప్పుడు కుక్కలున్నాయిలే అనుకుంది. కుక్కల కోసం కాదని ఆమెకు తెలుసు. ఆ రోజు శిరివెళ్ల దగ్గర టైరు పంక్చరై బస్సు ఆలస్యమైంది. ఆమె తాళం తీయకముందే పైనుంచి గోవిందమ్మ కేకేసింది: "పొద్దున్నుంచి ఒకటే అరుపు! సంపుతాండావా ఏందీ దాన్ని?"

వెనక తలుపు దగ్గర రెక్క నిండా గీతలు. చట్రం మీద రెండు చోట్ల నెత్తురు. అల్యూమినియం అంచులో ఒక గోరు ఇరుక్కుని ఉంది. మసి గ్యాసు సిలిండరు వెనక దూరి కూర్చుంది. చేయి పెడితే ఉస్సుమంది. లీలావతి గడియ తీసింది. అది కుంటుతూ వచ్చి, రెక్కను నెట్టుకుని, ఆమె వైపు చూడకుండా పోయింది.

మూడు రోజులు రాలేదు. ఆదివారం సాయంత్రం డ్యూటీ దిగగానే యూనిఫారం కూడా విప్పకుండా ఆమె వెనక సందులోకి వెళ్లింది. ఆ ఇంట్లో మూడేళ్లుగా ఉంటున్నా ఆ సందులో ఒక్కసారి నడవలేదు. "నల్లపిల్లి కనపడిందా?" అని కుళాయి దగ్గర ఉన్న ఆడవాళ్లను అడిగింది.

"కర్రోడా? బాలమ్మక్క ఇంటికాడుంటాడు సూడు" అంది ఒకామె. ఇంకొకామె, "ఆ కర్రోడు బస్సామెదంట కదా" అని, ఖాకీ చొక్కా చూసి నాలుక కరుచుకుంది. సందులో అందరికీ మసి తెలుసు, దానికో పేరు కూడా ఉంది. లీలావతికి పేరు లేదు.

బాలమ్మ ఇల్లు సందు చివర. వరండాలో నులక మంచం, దాని మీద మసి. ముందు కాలికి పసుపు గుడ్డ కట్టి ఉంది. యాభై ఐదేళ్ల సన్నటి మనిషి లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నీదేనా? ఎత్తుకపో. గోరూడిపోయింది, పసుపు పెట్టినా."

"నేనే గడియ ఏసి పోయినా అక్కా" అంది లీలావతి. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. "ఇంట్లో ఉండాలని."

బాలమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. మంచం మీద చీపురు పక్కకు జరిపి, "కూసో" అంది. కాసేపటికి, "నన్ను గుర్తు పట్టలేదు కదా నువ్వు" అంది.

లీలావతి ఆమె ముఖం చూసింది. గుర్తు రాలేదు.

"రోజూ ఏడు గంటల బస్సుకే వొస్తా. నంద్యాల్లో ఒక బళ్లో ఊడుస్తా. నీ చేత్తోనే సున్నా టికెట్టు తీసుకుంటాండా. కార్డు సూస్తావు. మొగం సూడవు."

లీలావతి తల దించుకుంది. మసి లేచి, ఒకసారి ఒళ్లు విరుచుకుని, బాలమ్మ వైపు తిరిగి మళ్లీ పడుకుంది. దాన్ని ఎత్తుకోకుండానే ఆమె ఇంటికి వచ్చింది.

మరునాడు బస్సులో ముఖాలు చూస్తూ టికెట్లు కొట్టింది. నంద్యాల ముందరి అయ్యలూరు మెట్ట దాటేదాకా సగం మందికి కూడా అందలేదు, డ్రైవరు విసుక్కున్నాడు. బాలమ్మ మూడో వరసలో కిటికీ పక్కన ఉంది. "కాలెట్లుంది?" అని అడిగింది లీలావతి. "తగ్గింది" అంది బాలమ్మ. వెనక నుంచి జనం తోశారు. ఆ రోజుకు అంతే మాట.

శుక్రవారం సాయంత్రం ఆమె బియ్యం కడుగుతుంటే వెనక రెక్క టక్కుమంది. తిరిగి చూడలేదు. మసి గిన్నె దగ్గరికి వెళ్లి తిన్నది, నేల మీద కూర్చుని కాలు నాక్కుంది, ఆమె పాదానికి ఒకసారి ఒళ్లు రాసి మళ్లీ బయటికి పోయింది. ఆమె పిలవలేదు.

ఆ వచ్చిన ఆదివారం సెలవు. పప్పు, అన్నం డబ్బాలో సర్దుకుని పదకొండింటికి బాలమ్మ ఇంటికి వెళ్లింది. తలుపుకు తాళం. చర్చికి పోయిందని పక్కింటి వాళ్లు చెప్పారు. దూరంగా మైకులో పాటలు వినిపిస్తున్నాయి. వెనక్కి పోదామని రెండడుగులు వేసింది. పోయి ఏం చేయాలో తోచలేదు. మంచం మీద మసి పక్కన, అంచున కూర్చుంది. ఎండ వరండా సగం దాకా వచ్చింది, ఆమె కాళ్లు లోపలికి ముడుచుకుంది. పాటలు ఆగి, ప్రసంగం మొదలై, చాలాసేపు సాగి, మళ్లీ పాటలు వచ్చాయి.

ఒంటిగంట దాటాక బాలమ్మ తెల్లచీరలో, చంకలో బైబిలుతో వచ్చింది. మంచం మీద ఇద్దరినీ చూసి ఆగింది.

"వొచ్చి ఎంతసేపైంది?"

"ఇప్పుడే" అంది లీలావతి.