కడిగేసిన రాయి

మేనమామకు శుభ్రం ఒక జబ్బు. తాగే గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే లాక్కుని కడిగేస్తాడు. ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. రాళ్లను పరీక్షించే ప్రయోగశాలకు పెద్ద కూడా ఆయనే కావడంతో ఆ జబ్బు అక్కడే పనిచేసే మేనకోడలి కొంప ముంచింది.

పొద్దున ఆమె వచ్చేసరికి, లోపలి చమురు ఆరకుండా రేకు చుట్టి మైనం పూసి బీరువాలో దాచుకున్న రాతి ముక్క ఓవెన్ పక్కన పళ్లెంలో ఉంది. నిన్నటిదాకా నల్లగా జిడ్డోడుతుండేది కాస్తా పొడిగా, తెల్లగా మెరుస్తోంది.

"కంపెనీ వాళ్లు వస్తున్నారు కదమ్మా, చూడ్డానికి బాగుంటుందని నేనే కడిగి ఆరబెట్టా," అన్నాడు మామయ్య, మెచ్చుకుంటుందనుకుని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ ఏళ్ల తరబడి తన చమురు బావుల చుట్టూ నేలలోకి నీళ్లు ఎక్కించి, రాతిలోని చమురును బయటికి నెట్టించింది. ఇప్పుడు పైకి నీళ్లే వస్తున్నాయి కాబట్టి కింద ఏమీ మిగల్లేదు, మూసేద్దామంటోంది. అది నిజమో కాదో తేల్చడానికి ఈ మధ్యే ఆ పొరలోంచి కోసి తెచ్చిన ముక్కల్లో మిగిలింది ఇదొక్కటే. తక్కినవన్నీ మామయ్య చేతిలో ఎప్పుడో స్నానం చేసేశాయి.

రాతిలో చమురు చెరువులా నిలవ ఉండదు. సూదిమొన కూడా దూరని సందుల్లో ఉంటుంది. తోసుకొచ్చే నీళ్లు తేలికైన దారి చూసుకుని పోతాయి. ఆ సందుల ఇరుకు మెడల దగ్గర చమురు తెగి బొట్లుగా చిక్కుకుంటుంది, కొంత గోడలకు పట్టుకుపోతుంది. ఇక పక్కనుంచి ఎన్ని నీళ్లు పోయినా కదలదు. ఈ పాఠం ఆమెకు చెప్పింది మామయ్యే, అదే ఆమెను ఇంకా రగిలించింది.

కడిగేముందు కొలిచావా అని అడిగింది. లేదన్నాడు. అంత కంగారెందుకు, కొత్త చమురు నింపి నీళ్లు పెట్టి నెట్టి, లోపల ఎంత మిగిలితే ఆ అంకె రాసిచ్చేద్దామన్నాడు.

"జిడ్డు పట్టిన మూకుడూ తోమిన మూకుడూ నూనెను ఒకలాగే వదులుతాయా మామయ్యా?"

తన జీవితమంతా కడిగిన రాళ్లతోనే పరీక్షలు చేశానన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఈలోగా బయట కారు ఆగింది. రాయిని కడిగిన, చమురును కరిగించే మందు ఉన్న గాజు కుప్పె చూపించి, ఆ మురికి గబగబా పారబోసి రమ్మన్నాడు.

కుప్పెలో మందు చిక్కటి డికాషన్ రంగులో ఉంది. ఆమె దాన్ని తీసుకుని తిన్నగా మీటింగ్ గదిలోకి నడిచి, వచ్చినవాళ్ల మధ్య బల్లమీద పెట్టింది. పక్కన తెల్లటి రాయి పెట్టింది.

"ఏమీ మిగల్లేదన్నారు కదండీ. అరచేతిలో ఇమిడే ఈ రాయిలోంచే ఇంత వచ్చింది. ఎంత శాతమో మాత్రం చెప్పలేను. కొలవకముందే మేము కడిగేశాం, కడగడంలో ఎంత పోయిందో తెలీదు. అదే రాసి సంతకం పెడతాను, వేరే అంకె రాయను."

 కుప్పె అడుగు తడికి బల్లమీద గుండ్రంగా గోధుమరంగు మరక పడింది. మామయ్య తలెత్తకుండా చేతిరుమాలు తీసి దాన్ని తుడవబోయాడు.

"తుడవకు మామయ్యా," అంది ఆమె. "అది కూడా ఆ రాయిలోదే."