ఎర్ర అంచు గుడ్డలు

పొద్దుటినుంచి అడిగిందే అడిగి హెల్మికి నోరు నొప్పెట్టింది. పోలీసు ఉద్యోగంలో అబద్ధాలు కొత్తేమీ కాదు గానీ, ముగ్గురు కలిసి ఒకే అబద్ధాన్ని అప్పజెబుతుంటే ఒళ్లు మండిపోతోంది. రాత్రి నలుగురం ఆవిరిగదిలో కూర్చున్నాం, ఆ వేడికి సరస్సు మీది మంచులో కొట్టిన కన్నంలో మునిగొస్తానని యోర్మా ఒక్కడే వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఎవర్ని అడిగినా ఇదే పాట.

యోర్మా భార్య సినిక్కా, మగ్గం నేసే మనిషి, ఒకటే ఏడుపు. ఓస్కరి, అతని భార్య తూలిక్కి ఆమెను ఓదారుస్తున్నారు. రెండు జంటలకూ ముందు పరిచయమే లేదట. సరస్సు ఒడ్డున ఈ ఇంటిని సెలవులకు చెరిసగం అద్దెకు తీసుకున్నారట. కన్నంలోంచి తీసిన శవం మెడ కమిలి ఉంది. మంచు అంచు తగిలుంటుందని పై అధికారి ఫోన్లోనే తేల్చేశాడు. మధ్యాహ్నంలోగా ప్రమాదమని రాసి వాళ్లను పంపెయ్యమన్నాడు. పంపేస్తే ఇక యోర్మా గురించి అడిగే దిక్కుండదు.

హెల్మి విసురుగా వసారాలోకి వచ్చింది. ఆవిరిగదిలో బల్లమీద పరుచుకుని కూర్చునే గుడ్డలు తీగ మీద గడ్డకట్టి వేలాడుతున్నాయి. ఎవరి గుడ్డ వాళ్లదే. పళ్లు తోముకునే బ్రష్‌లాగే అది ఇంకొకరికి ఇచ్చేది కాదు. వాటి పక్కనుంచే ఇందాకటినుంచీ తిరుగుతున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

వాటిని తెచ్చి వాళ్ల ముందు పడేసి, ఎవరివి వాళ్లు తీసుకోమంది.

అలవాటుగా ముగ్గురూ చేతులు చాపారు. తూలిక్కిది నీలం గుడ్డ. సినిక్కా, ఓస్కరి తీసుకున్నవి మగ్గం మీద నేసిన జోడు. రెంటికీ ఒకే ఎర్ర అంచు. యోర్మా గుడ్డ కొట్లో కొన్న తెల్లది, అక్కడే ఉండిపోయింది.

తూలిక్కి రెండు అంచుల్నీ మార్చి మార్చి చూసింది.

"మీ పిన్ని నేసిచ్చిందన్నావు కదూ" అంది భర్తతో.

ఓస్కరి గుడ్డను మడవబోయాడు. బిగుసుకుపోయిన గుడ్డ మడతపడలేదు.

"యోర్మా ఒక్కడే వెళ్లలేదండీ" అంది తూలిక్కి హెల్మి వైపు తిరిగి. "ఈయనా వెనకాలే వెళ్లాడు. యోర్మా తనే కాలుజారి పడ్డాడు, చెబితే నామీదికొస్తుంది అని బతిమాలితే నమ్మాను."

పై అధికారి నుంచి ఫోను మోగుతోంది. హెల్మి తియ్యలేదు.

"రాత్రంతా ఈవిణ్ణి పట్టుకుని ఓదార్చానండీ" అంది తూలిక్కి.