నిద్ర మెషీన్‌కు కాపలా

ఏలీయా గురక పెడితే కాలవ అవతలి గట్టువాళ్ళు కూడా లేచి కూర్చుంటారని చుట్టాలు ఎగతాళి చేసేవారు. అతని భార్య సలోమికి మాత్రం గురకతో పేచీ లేదు. గురక వినిపిస్తున్నంతసేపూ ఆవిడకు ధైర్యమే. అది ఠక్కున ఆగిపోయి, మనిషి ఊపిరి తియ్యకుండా పడుండే ఆ కాసేపే ప్రాణం గిలగిల్లాడేది. జబ్బ పట్టుకుని కుదిపితే "లేచే ఉన్నానే" అని గొణిగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇలా నిద్రపోయే మనిషి పొద్దున్నే అమలాపురంలో స్కూలు బస్సు తోలడానికి వెళ్ళేవాడు.

మొన్న అల్లవరం రోడ్డు మీద అతనికి రెప్ప వాలింది. బస్సు ఎడమ చక్రం రోడ్డు దిగి, రొయ్యల చెరువు గట్టు అంచుదాకా వెళ్ళింది. వెనకాల పిల్లలు అదేదో సరదా అనుకుని కేకలు వేశారట. ఆ సంగతి భార్యకొక్కదానికే చెప్పి, నవ్వెయ్యబోయాడు ఏలీయా. సలోమి నవ్వలేదు.

"మీరు డాక్టరు గారి దగ్గరికి రాకపోతే, నేనే వెళ్ళి మాణిక్యాలరావు గారితో చెప్పేస్తానండీ" అంది. మాణిక్యాలరావు ఆ స్కూలు యజమాని. ఏలీయా వెంటనే చొక్కా తొడుక్కున్నాడు.

డాక్టరు శ్యామ్ బాబు అన్నీ విన్నారు. "నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బులా ఉందండీ. పగలు కునుకొచ్చేది కూడా అందుకే. పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు, లేదంటే కాకినాడ వెళ్ళి ల్యాబులో ఓ రాత్రి పడుకోవాలి."

"ఇంట్లోనేనండీ!" అన్నాడు ఏలీయా. "నా మంచం, నా తలగడ. తలనిండా తీగలు అంటించి, ఎవరో గుడ్లప్పగించి చూస్తా ఉంటే నిద్దరెలా పడద్దండీ?"

నిజమే కదా అనిపించింది సలోమికి. ఖర్చు తక్కువ, ప్రయాణం లేదు, అలవాటైన చోటు. డాక్టరూ సరేనన్నారు.

ఆ సాయంత్రమే మెషీను ఇంటికొచ్చింది. ఛాతీకో పట్టీ, ముక్కుకో సన్నటి గొట్టం, వేలికో క్లిప్పు. తెచ్చినతను ఎలా పెట్టుకోవాలో చూపించి, పోతూ పోతూ "జాగ్రత్తండీ, ఖరీదైన సరుకు" అన్నాడు. అంతే, కొంప మునిగింది. ఏలీయా సంగతి పాపం అతనికేం తెలుసు! పరాయివాళ్ళ వస్తువు గడపలోకి వచ్చిందంటే ఏలీయాకు ఒళ్ళంతా కళ్ళే. ఒకసారి పెళ్ళికని ఎవరిదో గంగాళం తెచ్చి, తిరిగిచ్చేముందు చింతపండు పెట్టి ఎంత తోమాడంటే, ఇది మాది కాదేమోనని వాళ్ళు తీసుకోలేదు.

ఆ రాత్రి పట్టీలు బిగించుకుని, చేతులు రెండూ పక్కన చాపుకుని, కదలకుండా మెదలకుండా పడుకున్నాడు. సలోమి గురక కోసం చెవులు రిక్కించింది. రాలేదు. వింటూ వింటూనే ఆవిడకు ఎప్పుడో నిద్ర పట్టేసింది.

రిపోర్టులో అంతా బాగానే ఉందని వచ్చింది. ఏలీయా ఆనందం చెప్పనలవి కాదు. "చూసేవా? ఇంక నోరు మూసుకుని నువ్వు కూడా పడుకో. సోమవారం నుంచి నా బస్సు నేను తోలుకుంటాను" అన్నాడు.

సలోమికి నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళూ తన చెవులే తనకు అబద్ధం చెప్పాయా? బియ్యం కడుగుతూ ఆలోచించింది. ఆ రాత్రి తను హాయిగా తెల్లవార్లూ నిద్రపోయింది. అతని పక్కన పడుకుని అలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో! గిన్నె పక్కన పెట్టి వచ్చి నిలదీసింది.

"ఏవండీ, ఆ రాత్రి మీరసలు పడుకున్నారా?"

"అది పెట్టుకుని పడుకోడమేంటే? ఇటు దొర్లితే గొట్టం, అటు దొర్లితే తీగ. తెగితే ఎవరు జవాబు చెప్తారు? తెల్లారేదాకా కాపలా కాసేను!"

సలోమి అతన్ని మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఈ మాట వినగానే శ్యామ్ బాబు గారు పగలబడి నవ్వారు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మీకిచ్చిన మెషీనుకి ఊపిరి తెలుసుద్ది, నాడి తెలుసుద్ది గానీ, మనిషి నిద్రపోయేడో లేదో తెలీదండీ. మెలకువగా ఉన్నవాడు శుభ్రంగా ఊపిరి తీస్తాడు కదా! అదంతా నిద్రే అనుకుంది. ల్యాబులో తలకి పెట్టే తీగలతో నిద్ర సంగతీ తేలుద్ది. తీగ ఊడితే అంటించడానికి మనిషి కూడా ఉంటారు."

"మెషీన్ని చూసుకోడానికి వేరే మనిషుంటారా అండీ?"

"తెల్లవార్లూ."

"మరా ముక్క ముందే చెప్పొద్దటండీ!" అన్నాడు ఏలీయా.

కాకినాడ ల్యాబులో మాధురి అనే అమ్మాయి తీగలు అంటిస్తుంటే, తెగితే ఎవరు జవాబు చెప్తారని మళ్ళీ అడిగాడు. "తెగితే నా పూచీ, బాబాయ్ గారూ" అందా అమ్మాయి. అన్ని తీగలూ అంటించడం పూర్తయిందో లేదో, గురక మొదలైంది. కొత్త చోటు, కొత్త మంచం, ఏదీ అతనికి అడ్డు రాలేదు.

పొద్దున అక్కడి డాక్టరమ్మ కెమెరా తీసిన వీడియో పెట్టి చూపించింది. "ఎవరండీ ఈ దున్నపోతు?" అని ఏలీయా పడీ పడీ నవ్వాడు. అంతలో తెరమీద గురక ఆగింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది గానీ ఊపిరి ఆడటం లేదు. ఏలీయా నవ్వు ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"తియ్యవయ్యా... ఊపిరి తియ్యి... తియ్యరా బాబూ!"

తెరమీది మనిషి ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగి, మళ్ళీ గురకలో పడ్డాడు. ఏలీయా మెల్లిగా భార్య వైపు తిరిగాడు.

"రోజూ ఇదే చూస్తన్నావా?"

"ఆయ్" అంది సలోమి. తను చూసింది ఇన్నాళ్ళకు ఇంకొకరు కూడా చూశారన్న నిశ్చింతకు ఆవిడకు ఏడుపొచ్చేసింది.

రాత్రిళ్ళు గాలి ఊదే మాస్కు తగిలించుకుని పడుకుంటే జబ్బు అదుపులో ఉంటుందనీ, పగటి కునుకు పోయేదాకా స్టీరింగు ముట్టకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీదే ఏలీయా ఫోన్ తీశాడు.

"మాణిక్యాలరావు గారూ, అల్లవరం రోడ్డులో నాకు కునుకొచ్చిందండీ. పిల్లల్ని పెట్టుకుని దాచేను, తప్పేనండీ. నాకు నయమయ్యేదాకా బస్సు ఇంకెవరికైనా ఇవ్వండి." అవతల తిట్లు చాలాసేపు సాగాయి. ప్రతి తిట్టుకీ "ఆయ్, ఆయ్" అంటూ నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో రాజోలు బస్సు ఎక్కారు. కూర్చున్న కాసేపటికే సలోమి అతని భుజం మీద తల వాల్చింది. వాళ్ళు దిగాల్సిన అమలాపురం రాగానే కండక్టరు కేక వేశాడు. ఏలీయా లేవబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఇంకా ముందున్న తాటిపాకకు టిక్కెట్టు కొట్టమన్నాడు.

తాటిపాకలో సలోమి ఉలిక్కిపడి లేచింది. "ఇదేంటండీ, మనూరు దాటిపోయిందా? నన్ను లేపలేదేం?"

"ఊపిరి బాగా తీస్తన్నావు" అన్నాడు ఏలీయా. "చూస్తా కూచున్నాను."