వంటింట్లో చూసిన సాక్షి

ఆయన పోయి ఏడు రోజులు. పదో రోజు దాకా గది దాటకూడదన్న మా అత్తగారు వెంకటరమణమ్మగారే, లాయర్లు రాగానే, "ఏవమ్మా, పది గ్లాసులు టీ పెట్టు" అన్నారు. టీకి మైల లేదు కాబోలు.

ముందుగదిలో సంస్మరణ సంచిక మాటలు. మా ఆయన, హక్కుల లాయరు భీమశంకరరావు, సత్యసంధుడని. నేను కాదనను. పోలీసు స్టేషన్‌కెళ్ళి తిరిగిరాని బిడ్డల తల్లులకి వన్ టౌన్‌లో ఈ ఇల్లొక్కటే దిక్కు.

"కాసులమ్మ కేసు పోయినట్టే" అన్నాడు ఆయన జూనియరు కామరాజు. "దెబ్బలు చూసిన సాక్షి సారొక్కరే. ఎల్లుండే విచారణ. తల్లి మాట కోర్టు లెక్కచెయ్యదు."

వంటింట్లో టీ గిన్నె దింపుతూ విన్నాను. ఎనభై నాలుగు వేసవిలో, హార్బరులో దొంగతనం అంటగట్టి కాసులమ్మను రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. వదిలిన రోజే తల్లి గురువమ్మ పెరటి గుమ్మంలోకి తీసుకొచ్చింది. "బాబు ముందర కోక ఎలాగెత్తుతాదమ్మా? నువ్వే సూడు" అంది. వంటింటి తలుపేసి చూశాను. నడుము నుంచి మోకాళ్ళ దాకా చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. నేను చెబుతుంటే ఆయన తన సాక్ష్యంగా రాసి సంతకం పెట్టారు, 'నేను స్వయంగా చూశాను' అని. "చూసింది నేను కదండీ?" అన్నాను. "వంటింటి ఆడదాని మాట ఎవడు నమ్ముతాడు? వెళ్ళి వడ్డించు" అన్నారు. వడ్డిస్తూ కాగితాల మీద చారు ఒలకబోశాను. దానికి మాత్రం గట్టిగానే తిట్టారు. మూడో రోజు ఆ పిల్ల చచ్చిపోయింది.

ఇప్పుడు గురువమ్మ మళ్ళీ పెరటి గుమ్మంలో కూలబడి ఉంది. "బాబు ఎలిపోనాడు. నాను ఏటి సెయ్యాలమ్మా? నా పిల్ల ఒట్టినే సచ్చిపోనట్టేనా?"

నోరు విప్పితే ఆయన సంతకం అబద్ధమవుతుంది. ఆయన రాసిన మిగతావన్నీ అబద్ధాలేనంటారు. ఇరవై రెండేళ్ళు కాపరం చేసిన మనిషిని, చితి ఆరకుండానే నేనే బోనెక్కించాలి. విప్పకపోతే ఈ తల్లి మొహం ఎలా చూడను?

టీ పళ్ళెం తీసుకెళ్ళి లాయర్ల మధ్య పెట్టాను.

"ఆ పిల్లని ఆయన చూడలేదు కామరాజూ. చూసింది నేను. ఎల్లుండి నేనొస్తాను."

"పదో రోజు కాకుండానే గుమ్మం దాటతావా? మొగుడి పరువు తీస్తావా?" అత్తగారు గుండెలు బాదుకున్నారు.

కామరాజు గ్లాసు కింద పెట్టేశాడు. "అమ్మా, సారు పేరేమైపోతుంది?"

"ఏమో బాబూ. నాకూ భయంగానే ఉంది. నువ్వు రాయి, 'నేను స్వయంగా చూశాను' అని. ఈసారి సంతకం నేను పెడతాను."