జమునకు ఇచ్చిన నిమిషం

ఆదివారం సాయంత్రమైతే లక్ష్మీకాంతమ్మ ఇంట్లో ఏ పనీ తాపీగా సాగదు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడం, దేవుడి దగ్గర దీపం, వంట, అన్నీ ఏడు గంటల లోపే అయిపోవాలి. ఏడింటికి ‘ఇత్తడి తాళం’ సీరియల్ వస్తుంది. సూర్యాపేటలో ఆ వీధిలో టీవీ లేని ఇల్లు లేదు. అయినా జనం ఈ ఇంటికే వచ్చి చూస్తారు. ఎందుకంటే ఈ ఇంటి టీవీలో ఉన్నవాళ్లకు ఇక్కడి మాటలు వినబడతాయి, ఇక్కడి మనుషులు కనబడతారు.

కుక్కర్ కూత పెడితే డిటెక్టివ్ పరాంకుశం చెబుతున్నది ఆపి, కూతలయ్యాక మళ్లీ అందుకుంటాడు. కరెంటు పోయి వస్తే ‘ఎక్కడిదాకా చూశారమ్మా?’ అని అడిగి అక్కడినుంచే మొదలుపెడతాడు. లక్ష్మీకాంతమ్మకు పరాంకుశం అంటే అందుకే గౌరవం. మిగతా సీరియళ్లలో కోడళ్లకు ఎంత మొత్తుకున్నా విని కూడా ఖాతరు చెయ్యరని ఆమెకు మంట. కోదాడలో ఉండే ఆడపడుచు జానకమ్మకేమో ఈ ఇంటి టీవీ అంటేనే కడుపుమంట. ఆవిడ టీవీ గోడ సగం ఆక్రమిస్తుంది కానీ అందులో ఒక్కడూ ఆవిడ మాట వినడు. అందుకని ఆదివారం ఏడయ్యేసరికి వదినకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టించుకుని, సూర్యాపేట టీవీతో కోదాడ నుంచి మాట్లాడుతుంది.

‘ఇత్తడి తాళం’ పాత డిటెక్టివ్ నవల. జానకమ్మ పెళ్లికాక ముందు అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకుని చదివింది. తాళం వేసిన గదిలో జమీందారు చచ్చిపడి ఉంటాడు. ఆయనకు మందులిచ్చే నర్సు జమునే చంపిందని నవల చివర్లో తేలుతుంది. ఆ సంగతి జానకమ్మ మొదటి వారమే చెప్పేసింది. అయినా చూసేవాళ్లలో చర్చ తగ్గలేదు. వంటవాడంటారు ఒకరు, తమ్ముడంటారు ఒకరు. జమున వైపు మాట్లాడేది మాత్రం విజయ ఒక్కతే.

విజయ ఆ ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉంటుంది. పుట్టింటివాళ్లు ఆత్మకూర్ (ఎస్) దగ్గర గొర్లు కాస్తారు. భర్త సతీష్ లారీ నడుపుతాడు, పోతే వారానికి గానీ రాడు.

“ఆమె చెయ్యలేదు. తాళంచెవి ఆమె చేతికి ఇచ్చిండ్రు కాబట్టి ఆమెనంటున్నరు. మా నాయిన ఒకల చేన్ల మంద పెట్టిండు. ఎరువు కావాలని వాళ్లే పిలిచిండ్రు. ఆడ మోటరు పోతే ముందు మా నాయిననే పట్టుకున్నరు. నాకు తెల్వదా?” అనేది ప్రతివారం.

“నేను చదివానే పిల్లా. చివర్లో కమిషనర్ ఒక్క నిమిషం టైమిస్తాడు, చెప్పుకొమ్మని. ఏదో చెప్తది, ఎవరూ నమ్మరు,” అనేది ఫోన్లోంచి జానకమ్మ.

“ఆ నిమిషం రానియ్యి అమ్మా. ఆమె ఏం చెప్తదో సూడుండ్రి,” అనేది విజయ.

ఆ మాట అన్నప్పుడల్లా జమున ఎక్కడ నిలబడి ఉన్నా ఒకసారి ఇటు చూసేది.

ఆ నిమిషం ఈ ఆదివారమే వస్తుంది. ఇది ఆఖరి భాగం. కానీ లక్ష్మీకాంతమ్మ ఇరుగుపొరుగును రావద్దంది. హాల్లో ఆమె, ఎరువుల దుకాణం నడిపే కొడుకు సందీప్, గడప పక్కన విజయ, అంతే.

జరిగింది ఇదీ. వారం రోజులుగా ఇంటికి రంగులు వేయిస్తున్నారు. బీరువా వరండాలో పడింది, వంటింటి సామాను హాల్లోకి వచ్చింది. లక్ష్మీకాంతమ్మ తన బంగారు గుండ్లదండను ఎక్కడ దాచాలో తోచక, హాల్లో టీవీ ఎదురుగా పెట్టిన బియ్యం డ్రమ్ములో కుక్కింది. రంగులవాళ్లు ఉన్నంతసేపూ హాల్లోంచి కదలలేదు. శనివారం వాళ్లు వెళ్లాక డ్రమ్ములో చెయ్యి పెడితే దండ లేదు. దుప్పటి పరిచి డ్రమ్ము బోర్లించినా లేదు. ఆ వారంలో ఆ డ్రమ్ము ముందు ఒంటరిగా కూచున్న బయటి మనిషి విజయ ఒక్కతే. మిర్యాలగూడ నుంచి కూతురు రచన, పుట్టింటివాళ్లు ఆడపిల్లకు పోసే ఒడిబియ్యానికి వచ్చిందని, ఆ బియ్యం ఏరి చెరిగిపెట్టింది ఆమే.

“పోలీసుల కంటే ముందు పరాంకుశం గారిని అడుగుదాం. ఆయన పేరు చెప్పిండంటే ఇగ తిరుగులేదు. పొద్దున స్టేషన్ల కంప్లైంట్ ఇస్త,” అన్నాడు సందీప్. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. విజయ కూడా సరే అంది, అనకపోతే ఒప్పుకున్నట్టవుతుందని. సతీష్‌కు ఫోన్ చేస్తే వైజాగ్ దారిలో ఉన్నాడు. “నువ్వేం భయపడకు” అన్నాడు, కానీ అతని గొంతులోనే భయం ఉంది. పోలీసు జీపు వాకిట్లో ఆగితే, తర్వాత దండ దొరికినా దొంగన్న పేరు పోదని ఇద్దరికీ తెలుసు.

ఏడయింది. టీవీలో జమీందారు మేడ, పెద్ద హాలు, వరసగా కుర్చీలు. జమున తల వంచుకుని కూచుంది. పరాంకుశం కళ్లద్దాలు తుడుచుకుని నోరు తెరవబోయాడు.

“అయ్యా, జర ఆగుండ్రి. మా ఇంట్ల బంగారం పోయింది,” అంది లక్ష్మీకాంతమ్మ.

పరాంకుశం కమిషనర్ వైపు తిరిగి, “క్షమించాలి, ఇక్కడ ఒక చిన్న వ్యవహారం ఉంది,” అన్నాడు. కమిషనర్ గడియారం చూసుకుని తల ఊపాడు.

“మా టీవీలో ఆయన వంటవాడిని ప్రశ్నిస్తున్నాడు వదినా,” అంది ఫోన్లోంచి జానకమ్మ. ఆవిడకు ఎప్పటిలాగే అన్యాయం జరిగింది.

పరాంకుశం అంతా విన్నాడు. డ్రమ్ములో నగ ఉన్నట్టు ఎవరికి తెలుసు అని అడిగాడు.

“నాకే. కాని బుధవారం నేను చెయ్యి పెట్టి సూసుకుంటుంటే ఈమె చాట పట్టుకొని వచ్చింది.”

“నిజమేనా?”

“వచ్చిన. కాని నాకేం కనవడలేదయ్యా,” అంది విజయ. గొంతు వణికింది. వణకడం తనకే తప్పులా వినబడింది.

“ఈ వారంలో ఇంట్లోంచి బయటికి పోయిన సామాను ఏమిటి?”

లక్ష్మీకాంతమ్మ ఆలోచించి చెప్పింది. పాత పేపర్లు, ఖాళీ రంగు డబ్బాలు, పాల క్యాను. సందీప్ విరిగిన కుర్చీ గుర్తుచేశాడు. కూతురి ఒడిలో పోసిన బియ్యం మాట ఇద్దరికీ రాలేదు. ఆడపిల్లకు పోసింది ఎవరూ సామాను లెక్కలో వెయ్యరు. ముడి వేశాక దాన్ని పుట్టింటివాళ్లు మళ్లీ ముట్టుకోరు కూడా.

పరాంకుశం చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. ఈయనకు తెలిసింది మనం చెప్పిందే కదా అని విజయకు అనిపించింది. చెప్పేవాళ్లు గట్టిగా చెబితే నమ్ముతాడు, మెల్లగా చెబితే అనుమానిస్తాడు. పేరు పెద్దదే గానీ ఈయన కూడా మామూలు మనిషే.

“రెండు కేసులూ ఒక్క తీరుగానే ఉన్నాయి,” అన్నాడు పరాంకుశం చివరికి. “బయటి మనిషి. ఇంట్లో చనువు. దాచిన చోటు దగ్గర ఒంటరిగా కూచునే అవకాశం. ఇక్కడ జమున, అక్కడ ఈ అమ్మాయి. చెప్పడానికి బాధగానే ఉంది.”

“తియ్యలేదయ్యా! మా నాయిన మీద ఒట్టు, నేను తియ్యలేదు!”

“ప్రతివారూ అదే అంటారమ్మా.”

సందీప్ లేచాడు. “పొద్దున దాకా ఎందుకమ్మా, ఇప్పుడే పోతా,” అని బండి తాళంచెవి కోసం చూశాడు. లక్ష్మీకాంతమ్మ విజయ వైపు చూసి, చూడలేక టీవీ వైపు తిరిగింది. మూడేళ్లుగా జ్వరమొస్తే గంజి కాచిపెట్టిన పిల్ల. కానీ పరాంకుశమే చెప్పాక తానేమనగలదు?

టీవీలో కమిషనర్ గొంతు సవరించుకున్నాడు. “జమునా, నీ పక్షాన చెప్పుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తున్నాను.”

“ఇదే ఆ నిమిషం!” అని కోదాడ నుంచి అరిచింది జానకమ్మ.

జమున లేచి నిలబడింది. కమిషనర్ వైపు చూడలేదు. పరాంకుశాన్ని దాటి రెండడుగులు ముందుకు వచ్చి ఈ హాల్లోకి చూసింది.

“లక్ష్మీకాంతమ్మ గారూ, గురువారం పొద్దున మీ టీవీలో పోయినవారం భాగం మళ్లీ వస్తోంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకు మాటలు లేని సీను, అందుకని మీ ఇంట్లోకే చూస్తున్నాను. మీ అమ్మాయిని పీట మీద కూచోబెట్టి ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోశారు. అందరూ పోశాక ఒడి వెలితిగా ఉందని మీరు లేచి, ఆ డ్రమ్ములోంచి సోలతో ఇంకాస్త తీసి పోశారు. ఏడుస్తూ ఆమె మొహమే చూస్తున్నారు, సోలలోకి చూడలేదు. ఆ బియ్యంలో పచ్చగా మెరిసింది. మీరు వెంటనే కొంగు ముడేశారు. విజయ ఏమీ తీయలేదు.”

“నీ సమయం అయిపోయింది,” అన్నాడు కమిషనర్.

లక్ష్మీకాంతమ్మ చెయ్యి దానంతటదే గాల్లో సోల పట్టుకున్నట్టు వంగింది. “నిజమే సందీపూ. పోసిన. ఆఖరున నేనే పోసిన.”

సందీప్ తన ఫోన్‌తో మిర్యాలగూడకు కలిపాడు. రచన ఒక పట్టాన ఒప్పుకోలేదు.

“ముడి ఇప్పుడే విప్పమంటే ఎట్లనే అమ్మా? వచ్చే ఆదివారం అందరిని పిలిచి వండుదామని మా అత్తమ్మ దేవుని దగ్గర పెట్టింది. ఏమంటదో!”

“నేను మాట్లాడుత. ఇయ్యి ఆమెకు,” అంది లక్ష్మీకాంతమ్మ. వియ్యపురాలితో ఆమె ఏనాడూ తగ్గి మాట్లాడింది లేదు. ఇప్పుడు మాత్రం, “వదినా, నా తప్పు, నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి విప్పి సూడు” అంది. అవతల పీట జరిపిన చప్పుడు. పళ్లెం పెట్టిన చప్పుడు. బియ్యం జారుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. విజయ గడపను రెండు చేతులా పట్టుకుంది.

“ఉందమ్మా!” అంది రచన. “గుండ్లదండ ఉంది! పసుపుల కలిసి కనవడనే లేదు!”

లక్ష్మీకాంతమ్మ నేలమీద చతికిలబడింది. సందీప్ తాళంచెవి జేబులో వేసుకుని గోడకు వేసిన కొత్త రంగు చూడసాగాడు.

“విజయా, నన్ను కొట్టు బిడ్డా. ఏదో కండ్లు మూసుకుపోయినయ్,” అంది లక్ష్మీకాంతమ్మ.

విజయ ఆ మాట వినలేదు. ఆమె టీవీనే చూస్తోంది. అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్లు జమున చేతులకు బేడీలు వేస్తున్నారు. పరాంకుశం కాగితాలు సర్దుకుంటున్నాడు. తనమీద పడ్డ మాట చెరిపెయ్యడానికి జమునకు ఉన్నది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం ఇన్ని వారాలుగా ఎదురుచూసింది. దాన్ని తీసి విజయకు ఇచ్చేసింది. విజయకు దుఃఖం ముంచుకొచ్చింది. దండ దొరికిందన్న సంతోషం కూడా అందులో కొట్టుకుపోయింది.

“జమునక్కా!” అని టీవీ దగ్గరికి పోయింది. “అయ్యా, ఆగుండ్రి! ఆమె చెయ్యలేదు!”

“అమ్మాయీ, నీ విషయంలో పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఈ కేసులో నా తర్కం—” అని పరాంకుశం మాట మధ్యలో ఆగాడు. అయినా కానిస్టేబుళ్లను ఆపలేదు. జమున గుమ్మం దాటింది. బయట పోలీసు వ్యాను ఆగి ఉంది.

విజయ వెనక్కి తిరిగి లక్ష్మీకాంతమ్మ చెయ్యి పట్టుకుంది. “నాకు కాదమ్మా, ఆయనకు చెప్పు. నేను మెల్లగ చెప్తే ఇనడు. నువ్వు చెప్తే ఇంటడు. చెప్పమ్మా.”

లక్ష్మీకాంతమ్మ లేచింది. ఇంట్లో, వీధిలో, రంగులవాళ్ల ముందు, ఎక్కడా తప్పయిందన్న మాట ఆమె నోట రాలేదు ఈ సాయంత్రం దాకా. కొంగుతో మొహం తుడుచుకుని టీవీ ముందు నిలబడింది.

“పరాంకుశం గారూ, నా చేతులతోటి నేనే పోసి ఈ పిల్లను దొంగ అన్న. నేను గట్టిగ చెప్పిన, మీరు నమ్మిండ్రు. మీ కాడ గూడ ఎవలో గట్టిగ చెప్పి ఉంటరు. రెండు కేసులు ఒక్క తీరుగనే ఉన్నయని మీరే అన్నరు గదా. ఒక్కటి తప్పయింది. ఇంకోటి జర మళ్ల సూడుండ్రి. మీకు దండం పెడ్త.”

పరాంకుశం కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత పెద్ద అడుగులు వేసుకుంటూ మెట్లు దిగి, వ్యాను తలుపు మీద చెయ్యి పెట్టాడు.

“ఈ కేసు ముగియలేదు. ఆమె చేతులు విప్పండి,” అన్నాడు.

టీవీలో పేర్లు పైకి పోవడం మొదలైంది. ఆ పేర్ల వెనక జమున మణికట్లు రుద్దుకుంటూ ఖాళీ రోడ్డు మీద నడుస్తోంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ నడిచింది.

“వదినా, అయిపోయింది!” అంది కోదాడ నుంచి జానకమ్మ, ముక్కు చీదుకుంటూ. ఆ నిమిషం మొదలైనప్పటినుంచి తన టీవీ మోతలో ఆవిడకు ఇక్కడి మాటలేవీ వినబడలేదు. “చదివినదాన్నే అయినా ఏడుపొచ్చింది. మేము చూస్తుండగానే వ్యాన్ ఎక్కించారు పాపం. మీ దాంట్లో కూడా ఎక్కించారా?”

లక్ష్మీకాంతమ్మ విజయ వైపు చూసింది. నవల చదివిన మనిషి, కథ మారిందని తెలిస్తే ఊరుకోదు.

“ఆఁ, ఎక్కించిండ్రు,” అంది.

రోడ్డు మీద జమున చెప్పుల చప్పుడు ఫోన్లోంచి కోదాడ దాకా పోకుండా విజయ టీవీ సౌండు తగ్గించింది.